లోడెక్కితే బండి ఎందుకు గుంజదు?

"ఖాళీగ పోతే మంచిగనే పోతదన్నా. లోడేస్తే కొంచెం దూరం పోయినంక గుంజుడు బంద్ చేస్తది. ఎంత తొక్కినా ముప్పై మీద లేవది. పొగ గూడ రాదు. పక్కకు ఆపి, చాయ తాగి వచ్చి మళ్ల స్టార్ట్ చేస్తే ఏం కానట్టే పోతది. మెకానిక్ చూసి ఇంజిన్ పనికొచ్చిందంటుండు. నిజమేనా?"

నిజామాబాద్ జిల్లా కోటగిరి వైపు నుంచి ఒక రైతు అడిగిన ప్రశ్న ఇది. బండి పాత పికప్. టర్బో ఉన్న డీజిల్ ఇంజిన్, కంప్యూటర్ లేని పాతకాలపు పంపు. ఇంజిన్ పనికొచ్చిందంటే అరిగిపోయింది, విప్పి బాగుచేయాలని అర్థం. ముందే జవాబు చెప్పేస్తాను: ఈ లక్షణాలు ఇంజిన్ అరిగిపోయిన బండివి కావు. అరిగిన ఇంజిన్ చాయ తాగేలోపు బాగుపడదు. ఇది డీజిల్ అందని బండి. అలా ఎలా చెప్పగలిగామన్నదే అసలు సంగతి. అది తెలిస్తే ఈ ఒక్క బండే కాదు, ఏ పాత డీజిల్ బండి శక్తి తగ్గినా కారణం ఎక్కడుందో మీరే పట్టుకోవచ్చు.

మన వైపు ఈ ప్రశ్న ఇంతగా ఎందుకు వినిపిస్తోందో కూడా చెప్పుకోవాలి. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. గానుగ ఊరి పక్కనే ఉన్నన్నాళ్లు చెరకుకు దూరప్రయాణం లేదు. ఇప్పుడు మిగిలిన చెరకు కామారెడ్డి వైపు మిల్లులకు పోవాలి. చాలామంది వరికి, సోయాకు మళ్లారు. పసుపు పండితే నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తేవాలి. చెరకు ట్రాక్టర్లలో, లారీల్లో పోయినా పసుపు బస్తాలు, ఎరువులు, విత్తనపు చెరకు ముక్కలు, కూలీలు, పాల క్యాన్లు, అన్నీ ఈ పికప్‌ల మీదే. పదేళ్లు, పదిహేనేళ్లు దాటిన బండ్లే ఎక్కువ. బోధన్ నుంచి నిజామాబాద్ రోడ్డు దాదాపు చదునే కాబట్టి శక్తి కాస్త తగ్గినా తెలియదు. రైల్వే బ్రిడ్జి ఎక్కేటప్పుడో, హైదరాబాద్ దారిలో ఇందల్వాయి దాటాక అడవిలో వచ్చే ఎత్తు మీదో ఒక్కసారిగా బయటపడుతుంది. డ్రైవర్‌కు మాత్రం నిన్నటిదాకా బాగున్న బండి ఇవాళ చెడిపోయినట్టే ఉంటుంది.

అసలు డీజిల్ ఇంజిన్‌కు శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? పెట్రోల్ బండికి నిప్పు పెట్టడానికి స్పార్క్ ప్లగ్ ఉంది. డీజిల్‌కు లేదు. పిస్టన్ గాలిని పదహారు నుంచి ఇరవై వంతులదాకా నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకే గాలి 500 డిగ్రీలు దాటి కాగుతుంది. అందులోకి నాజిల్ డీజిల్‌ను పొగమంచులా చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. మీరు యాక్సిలేటర్ తొక్కినప్పుడు పాత డీజిల్ బండిలో పెరిగేది గాలి కాదు, డీజిల్. గాలి ఎలాగూ పూర్తిగా వస్తుందన్న నమ్మకంతో పంపు డీజిల్ పెంచుతుంది. ఆ నమ్మకం చెడితే ఒక రకం రోగం, పంపుకే డీజిల్ అందకపోతే ఇంకో రకం, గాలిని నొక్కే సిలిండర్ అరిగితే మూడో రకం. మూడింటికీ గుర్తులు వేరు. మూడోది మొదట అనుమానించాల్సింది కాదు, చివర అనుమానించాల్సింది. మన దగ్గర తరచూ తలకిందులుగా జరుగుతోంది. బండి గుంజలేదనగానే హెడ్ విప్పుతున్నారు. ఒక పంట డబ్బు ఆ షెడ్‌లోనే అయిపోతుంది, బండి మాత్రం మళ్లీ అదే బ్రిడ్జి మీద ఆగుతుంది. ఇది నాకు బాధ కలిగించే విషయం. అందుకే కాస్త నిదానంగా చెబుతున్నాను.

మొట్టమొదట అడగాల్సింది: ఇంజిన్‌లో శక్తి లేదా, లేక ఉన్న శక్తి చక్రాలకు చేరడం లేదా? ఎత్తు మీద ఇంజిన్ శబ్దం పెరుగుతూ బండి వేగం మాత్రం పెరగకపోతే, కాలిన వాసన వస్తే, అది క్లచ్. చదునైన చోట, ముందు మనుషులెవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, టాప్ గేర్ వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూ ఉంటే క్లచ్ జారుతున్నట్టే. తర్వాత కొంత దూరం బ్రేక్ ఎక్కువ వాడకుండా నడిపి ఆపి, నాలుగు చక్రాల హబ్‌ల దగ్గర చెయ్యి పెట్టకుండా, దగ్గరగా మాత్రం తెచ్చి వేడి చూడండి. ఒకటి సెగ కొడుతుంటే అక్కడ బ్రేక్ పట్టేసింది. వానాకాలం పొలాల్లోని నల్లరేగడి బురద ఎక్కి బ్రేకులు పట్టేయడం ఈ ప్రాంతపు బండ్లకు కొత్త కాదు. టైర్లలో గాలి సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంకొక చిన్న పరీక్ష ఉంది. దీన్ని దాటేసేవాళ్లే ఎక్కువ. ఇంజిన్ బంద్ చేసి, ఒకరిని సీట్లో కూర్చోబెట్టి యాక్సిలేటర్ చివరిదాకా తొక్కమనండి. మీరు బానెట్ ఎత్తి పంపు మీది లివర్ చూడండి. అది చివరి స్క్రూకు తగలాలి. పాత బండ్లలో కేబుల్ సాగి, లేదా పెడల్ కింద మ్యాట్ మడతపడి, లివర్ ముప్పావు వంతు దగ్గరే ఆగిపోతుంది. అలాంటి బండికి ఎన్ని నాజిళ్లు మార్చినా గుంజదు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు పొగ చూడాలి. లోడు మీద, ఎత్తు మీద, పూర్తిగా తొక్కినప్పుడు వచ్చే పొగే లెక్క. ఖాళీగా నిలబెట్టి రేస్ చేస్తే వచ్చే పొగతో పెద్దగా తెలిసేది లేదు. నల్ల పొగ అంటే డీజిల్ వస్తోంది, గాలి చాలడం లేదు, లేదా డీజిల్ సరిగ్గా చిమ్మడం లేదు. తెల్లగా, కళ్లు మండేలా వస్తే డీజిల్ కాలకుండానే బయటకు పోతోంది: టైమింగ్ వెనకబడి ఉండొచ్చు, ఒక సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గి ఉండొచ్చు. తెల్ల పొగతో పాటు రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. ఇక పొగే లేదు, శక్తీ లేదు అంటే ఇంజిన్‌కు డీజిలే చేరడం లేదు. కోటగిరి రైతు మాటల్లో అన్నిటికన్నా విలువైనది ఈ ముక్కే: "పొగ గూడ రాదు."

గాలి వైపు ముందు చెప్పేస్తాను. మన జిల్లాలో వరి కోత మిషన్ల దుమ్ము, సోయా నూర్పిడి పొట్టు, పసుపు పాలిష్ పట్టే డ్రమ్ముల దగ్గర లేచే పొడి, ఇవన్నీ పీల్చుకునే బండి ఎయిర్ ఫిల్టర్ ఒక్క సీజన్‌లోనే మూసుకుపోతుంది. ముక్కు మూసుకుని పరుగెత్తినట్టే ఉంటుంది ఇంజిన్ పరిస్థితి. ఫిల్టర్ తీసి లోపల బల్బు పెట్టి చూడండి. కాగితం మడతల గుండా వెలుగు రాకపోతే మార్చేయండి. కంప్రెసర్ గాలి కొట్టాలనుకుంటే తక్కువ ప్రెషర్‌తో లోపలి నుంచి బయటకు కొట్టాలి. బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకి ఇంకా దూరుతుంది. గట్టిగా కొడితే కాగితానికి కంటికి కనపడని చిల్లులు పడతాయి, ఆ చిల్లుల్లోంచి పోయే దుమ్మే రింగులను తినేస్తుంది. "ఫిల్టర్ తీసేసి నడుపు, పికప్ వస్తది" అని ఎవరైనా అంటే వినకండి. పికప్ వస్తుంది, నిజమే. వచ్చే ఏడాదికల్లా ఇంజిన్ పోతుంది.

టర్బో ఉన్న బండిలో ఫిల్టర్ తర్వాత చూడాల్సింది టర్బో నుంచి ఇంజిన్‌కు పోయే రబ్బరు హోస్‌లు. ఖాళీగా ఉన్నప్పుడు వాటిలో ఒత్తిడి ఉండదు. లోడు మీద పెరుగుతుంది. అందుకే పగిలిన హోస్ ఊళ్లో తిరిగేటప్పుడు పట్టుబడదు, ఎత్తు మీద దొరుకుతుంది. అడుగు వైపు చెయ్యి పెట్టి తడమండి: గాలి లీకయ్యే చోట నూనె జిడ్డు, దానికి అంటిన దుమ్ము ఉంటుంది. తొక్కినప్పుడు బుస్సుమన్న శబ్దం, వెనకాల నల్ల పొగ, రెండూ కలిస్తే హోస్‌ను అనుమానించండి. ఈజీఆర్ వాల్వ్ ఉన్న బండ్లలో అది మసితో తెరుచుకునే ఉండిపోయి, కాలిన పొగనే మళ్లీ ఇంజిన్‌లోకి పంపుతుంది. దానికీ నల్ల పొగే. ఎండాకాలం మధ్యాహ్నం మన దగ్గర గాలి 45 డిగ్రీలకు చేరినప్పుడు, 25 డిగ్రీల తెల్లవారుజాము గాలితో పోలిస్తే అదే కొలతలో దాదాపు ఆరు శాతం తక్కువ బరువు ఉంటుంది. అంటే అందే ఆక్సిజన్ ఆ మేరకు తక్కువ. పసుపు సీజన్ ముదిరే కొద్దీ బండి బరువెక్కినట్టు అనిపించడంలో దీనికీ కొంత పాలుంది, కానీ ముప్పై మీద లేవకపోవడానికి ఇది కారణం కాదు.

ఇక డీజిల్ దారి. ఇక్కడ తొందరపడకూడదు, ఎందుకంటే పాత పికప్‌లలో పొగ లేకుండా శక్తి పోయిన సందర్భాల్లో ఎక్కువ ఈ దారిలోనే తేలతాయి. ట్యాంకులో పీల్చే గొట్టం, దాని కొసన జాలి, అక్కడి నుంచి ఛాసిస్ వెంట పైపు, తర్వాత ఫీడ్ పంపు, డీజిల్ ఫిల్టర్, అసలు పంపు. ఊళ్లలో ట్రాక్టర్ కోసం, మోటారు కోసం డ్రమ్ముల్లో, క్యాన్లలో డీజిల్ దాస్తారు. అదే బండిలోనూ పోస్తారు. డ్రమ్ము అడుగున నీళ్లు చేరతాయి. సగం ఖాళీ ట్యాంకు రాత్రి చల్లబడినప్పుడు గోడలకు తేమ పడుతుంది. ఇనప ట్యాంకు తుప్పు రాలుస్తుంది. నీళ్లూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి జిగురులాంటి పాకు కడతాయి. ఇవన్నీ అడుగున పేరుకుంటాయి.

ఇప్పుడు బండి లోడుతో బయలుదేరిందనుకోండి. పంపు ఎక్కువ డీజిల్ అడుగుతుంది. పీల్పు పెరుగుతుంది. అడుగున ఉన్న చెత్త లేచి జాలికి అతుక్కుంటుంది. దారి మూసుకుంటుంది. శక్తి పోతుంది, పొగ ఉండదు. మీరు పక్కకు ఆపి ఇంజిన్ బంద్ చేస్తారు. పీల్పు ఆగగానే చెత్త జాలిని వదిలి మళ్లీ కిందికి దిగిపోతుంది. చాయ తాగి వచ్చేసరికి దారి ఖాళీ. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయినా ఇదే కథ: డీజిల్ తగ్గేకొద్దీ లోపల వాక్యూమ్ ఏర్పడుతుంది, ఆపి ఉంచితే ఎక్కడో ఒక సందులోంచి గాలి మెల్లగా చేరి సరిపోతుంది. తేల్చుకోవడం సులువు. బండి గుంజడం మానేసిన క్షణంలో ఆపి ట్యాంకు మూత తిప్పండి. సుయ్యిమని గాలి లోపలికి పీల్చుకుంటే దొంగ మూతే. ఆ శబ్దం లేకపోతే జాలి వైపు వెళ్లాలి.

పైపులో సన్నటి పగులు, వదులైన క్లిప్పు ఉంటే ఇంకో ఇబ్బంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపుదాకా పైపులో పీల్పే ఉంటుంది కాబట్టి పగులు దగ్గర డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద చుక్క పడలేదు కాబట్టి లీకు లేదనుకుంటాం. దీన్నే మెకానిక్‌లు ఎయిర్ పట్టిందంటారు. తెల్లారి స్టార్ట్ చేసేటప్పుడు హ్యాండ్ పంపు పదే పదే కొట్టాల్సి వస్తోందంటే అది దీని గుర్తే. పంపుకు ముందు ఒక జానెడు పైపు తీసి డీజిల్‌కు తట్టుకునే పారదర్శకపు పైపు బిగించి చూస్తే బుడగలు కంటికి కనపడతాయి.

ఈ అనుమానాలన్నిటినీ ఒకే దెబ్బకు తేల్చే పరీక్ష ఒకటుంది. పంపు షాపుకు పోకముందే ఇది చేయించమని ప్రతి బండి యజమానికీ చెబుతాను. ఐదు లీటర్ల శుభ్రమైన క్యాన్ తీసుకుని, బంకు నుంచి కొత్తగా తెచ్చిన డీజిల్ నింపండి. డీజిల్ ఫిల్టర్ కొత్తది వేయండి. ట్యాంకు నుంచి వచ్చే పైపును విడదీసి, దాని స్థానంలో క్యాన్ నుంచి పైపు ఇవ్వండి. పంపు నుంచి వెనక్కి వచ్చే రిటర్న్ పైపు కూడా అదే క్యాన్‌లో పెట్టండి, లేకపోతే క్యాన్ త్వరగా ఖాళీ అవుతుంది. క్యాన్‌ను సైలెన్సర్ వేడి తగలని చోట, క్యాబిన్ వెనక బాడీలో గట్టిగా కట్టండి. ఎయిర్ తీసి, అదే లోడుతో, అదే రోడ్డు మీద, దూరం తక్కువే అయినా అదే బ్రిడ్జి ఎక్కించండి. బండి గుంజిందా? రోగం ట్యాంకు నుంచి ఫిల్టర్ లోపలే ఉంది. ట్యాంకు దింపి కడిగించండి, జాలి శుభ్రం చేయించండి, పాత రబ్బరు పైపులు మార్చండి. గుంజలేదా? అప్పుడు పంపు, నాజిళ్ల వైపు నడవాలి. రైతుకు చెప్పిన జవాబు కూడా ఇదే: మూత చూడండి, క్యాన్ కట్టండి, అప్పటిదాకా ఇంజిన్ మీద పానా పెట్టనివ్వకండి.

పంపు దగ్గరికి వచ్చేసరికి రెండు చిన్న సంగతులు పెద్ద ఖర్చు తప్పిస్తాయి. గుండ్రంగా ఉండే రోటరీ పంపుకు డీజిల్ వచ్చే చోట, పోయే చోట రెండు బ్యాంజో బోల్టులు ఉంటాయి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కానీ పోయే వైపు బోల్టు లోపల కొలిచి పెట్టిన సన్నటి రంధ్రం ఉంటుంది, తల మీద ఔట్ అని రాసి ఉంటుంది. ఫిల్టర్ మార్చేటప్పుడో పంపు విప్పినప్పుడో ఈ రెండూ తారుమారైతే పంపుకు ఆ సన్న రంధ్రంలోంచే డీజిల్ రావాలి. బండి నడుస్తుంది, గుంజదు. "పని చేయించినప్పటి నుంచే ఇట్లుంది" అనే బండ్లలో ముందు ఇది చూడాలి. రెండోది, కొన్ని టర్బో బండ్ల పంపు పైన గుండ్రటి డబ్బా ఉండి, ఇంజిన్ గాలి దారి నుంచి సన్నటి పైపు దానికి వస్తుంది. టర్బో ఒత్తిడి పెరిగిందని ఆ పైపు చెబితేనే పంపు డీజిల్ పెంచుతుంది. పైపు పగిలినా, లోపలి రబ్బరు పొర చిరిగినా పంపు పెంచదు. పొగ లేదు, శక్తి లేదు.

మన దగ్గర ఏ కంపెనీ పంపునైనా మైకో పంపనే అంటారు. 1951లో మొదలైన ఆ సంస్థ పేరు 2008లో బాష్‌గా మారింది, షాపుల్లో మాత్రం పాత పేరే నిలిచింది. పంపు, నాజిళ్లు అక్కడ బెంచి మీద పెట్టి కొలిపించాలి. కళ్ల అంచనాతో సరిచేసేవి కావు. ఏ సిలిండర్ పని చేయడం లేదో మాత్రం ఇంటి దగ్గరే తెలుసుకోవచ్చు: ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని నాజిల్ పైపు నట్లను ఒక్కొక్కటిగా కాస్త వదులు చేసి మళ్లీ బిగించండి. వదులు చేయగానే ఇంజిన్ తడబడితే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు. ఏమీ మారకపోతే దాని నాజిలో, కంప్రెషనో పోయింది. అయితే ఇది పాత పంపు బండ్లకే. కంప్యూటర్‌తో నడిచే కామన్ రైల్ బండి మీద ఈ పని ఎన్నడూ చేయకండి. అందులో డీజిల్ 1000 బార్‌లు దాటిన ఒత్తిడిలో ఉంటుంది. సన్నటి ధార చర్మంలోంచి దూరిపోతుంది, వేలే తీసేయాల్సి రావచ్చు. అలాంటి బండికి ముందు స్కానర్ పెట్టించి ఏ సెన్సర్ ఏం చెబుతోందో చూడాలి.

పంపు మీద ఫుల్ లోడ్ స్క్రూ ఒకటుంటుంది. అది తిప్పి డీజిల్ పెంచితే ఆ సాయంత్రానికి బండి గుర్రంలా పోతుందని తిప్పించుకునేవాళ్లున్నారు. గాలి తక్కువై శక్తి తగ్గిన ఇంజిన్‌లోకి ఇంకా డీజిల్ పోయడమది. నల్ల పొగ రోడ్డంతా కమ్ముతుంది, లోపల వేడి హద్దు దాటుతుంది, పిస్టన్ తల కరుగుతుంది లేదా హెడ్ పగులుతుంది. ఈ పనిని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించను.

ఇన్నీ దాటి వచ్చాక మాత్రమే ఇంజిన్ వంతు. ముందు ట్యాపెట్లు కొలవండి. క్లియరెన్స్ మరీ తక్కువైతే వేడెక్కాక వాల్వ్ పూర్తిగా మూసుకోదు. తర్వాత, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి దాని మీదే ఊరికే ఆనించండి. పొగ తన్నుకొస్తూ మూత ఎగిరెగిరి పడుతుంటే బ్యాక్ కంప్రెషన్ ఉన్నట్టు, రింగులో బోరో అరిగినట్టు. అయినా అక్కడితో తీర్పు చెప్పకూడదు. గేజి పెట్టి నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలవాలి. మిగతావి దగ్గరదగ్గరగా ఉండి ఒక్కటే బాగా తక్కువుంటే వాల్వో గ్యాస్కెట్టో అయి ఉండొచ్చు. తక్కువున్న సిలిండర్‌లో కొద్దిగా ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే అంకె బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. అన్ని సిలిండర్లూ తక్కువుంటే అప్పుడు మెకానిక్ మాట నిజం, ఇంజిన్ పనికొచ్చింది.

విప్పించేటప్పుడు ఎదురుగా ఉండి బోరు కొలతలు కాగితం మీద రాయించుకోండి. ఇంజిన్ పనితో పాటే పంపు, నాజిళ్లు కూడా బెంచి మీద పరీక్ష చేయించండి. కారే నాజిల్ పాతదే పెట్టి కొత్త బోరు వేస్తే, కాలని డీజిల్ సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, కొత్త రింగులు కుదురుకోకముందే అరగడం మొదలవుతుంది. పాత ఎయిర్ ఫిల్టర్‌ను మాత్రం ఎవరు చెప్పినా తిరిగి బిగించనివ్వకండి.